కారు న్యూజెర్సీది, ఉండేది బోస్టన్‌లో

కారు నాన్న పేరు మీద న్యూజెర్సీలో రిజిస్టరై ఉంది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని బోస్టన్‌లో చదువుతున్న కూతురు దాన్ని తీసుకెళ్ళి ఇక అక్కడే ఉంచుకుంటానంటోంది. గొడవంతా అక్కడే మొదలైంది.

నాన్న: తీసుకెళ్ళు, వద్దనట్లేదు. కానీ నంబర్ ప్లేట్లు మార్చడాలు, ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్లు, ఇవన్నీ ఎందుకమ్మా? చదువుకోడానికి వెళ్ళావు గానీ అక్కడ కాపురం పెట్టలేదు కదా. చదువు కోసం వచ్చిన పిల్లల్ని చాలా రాష్ట్రాలు రిజిస్ట్రేషన్ మార్చుకోమని అడగవు.

కూతురు: మసాచుసెట్స్ ఊరికే వదలదు నాన్నా. బయటి రాష్ట్రం కారు నడిపే స్టూడెంట్ లోకల్ పోలీసులకి ఒక ఫారం ఇవ్వాలి, కాలేజీ ఇచ్చే స్టిక్కర్ అద్దానికి అంటించుకోవాలి. లేకపోతే 200 డాలర్ల దాకా ఫైన్. ఇంత తతంగం కంటే కారు నా పేరు మీదకి మార్చి ఇక్కడే రిజిస్టర్ చేయిస్తే పోతుంది కదా.

నాన్న: పోయేది నా డబ్బు. ఒక ఫారం నింపడం తతంగమా? నీకు లైసెన్స్ వచ్చి రెండేళ్ళే, విడిగా పాలసీ తీసుకుంటే అనుభవం లేని డ్రైవర్ కింద వాయించేస్తారు, ఇంట్లో రెండు కార్లూ ఒకే పాలసీలో ఉన్నందుకు వచ్చే డిస్కౌంట్ నాకూ పోతుంది, అదిగాక అక్కడ కారు విలువలో ప్రతి వెయ్యి డాలర్లకీ 25 చొప్పున ఏటా ఎక్సైజ్ టాక్స్, ఏటా ఇన్‌స్పెక్షన్. మనకి రెండేళ్ళకోసారే.

కూతురు: మరి కారు ఎక్కడ పెట్టమంటారు, నెత్తిమీదా? మా వీధిలో రెసిడెంట్ పర్మిట్ ఉన్నవాళ్ళే పెట్టాలి. ఆ పర్మిట్ కావాలంటే కారు బోస్టన్ అడ్రస్‌తో మసాచుసెట్స్‌లో రిజిస్టరై ఉండాలి.

నాన్న: బిల్డింగ్ వెనకాల పార్కింగ్ అద్దెకి తీసుకో. నేనిస్తా.

కూతురు: సరే, ప్లేటు సంగతి వదిలేస్తా. కారు ఇక్కడుంటుందని ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పారా?

నాన్న: చెప్పక్కర్లేదు. పాలసీ దేశమంతా చెల్లుతుంది. వేరే రాష్ట్రంలో కనీస కవరేజీ మనకన్నా ఎక్కువుంటే, అక్కడ యాక్సిడెంట్ అయినప్పుడు దానికి సరిపడా వాళ్ళే పెంచి ఇస్తారు.

కూతురు: ఎక్కడ నడిపినా కవరేజీ ఉండటం వేరు, రోజూ రాత్రి కారు ఎక్కడుంటుందన్నది వేరు. వాళ్ళు ప్రీమియం ఎంతో లెక్కగట్టేది రెండోదాన్ని చూసి. కాయితంలో మన గరాజ్ అని ఉండి, ఏడాదంతా కారు బోస్టన్‌లో ఉంటే, రేపు ఎవరినైనా గుద్దినప్పుడు తప్పుడు సమాచారం ఇచ్చారని క్లెయిమ్ కొట్టేయొచ్చు. పాలసీ మీది, కారు మీది, కోర్టు నోటీసు కూడా మీకే వస్తుంది. అసలు ఇంకోటి అడగనా? పిల్ల దూరంగా చదువుకుంటోంది, దగ్గర కారు లేదు అని చెప్పి ఒక డిస్కౌంట్ తీసుకున్నారు కదా?

(ఇక్కడ నాన్న గొంతు కాస్త తగ్గింది.)

నాన్న: అది పోయినేడు. వంద మైళ్ళ పైన ఉంటే ఇస్తామన్నారు, తీసుకున్నా. అబద్ధం చెప్పలేదే, అప్పుడు కారు ఇక్కడే ఉంది.

కూతురు: ఇప్పుడు నా దగ్గరుంటుంది. వాళ్ళ రికార్డులో నా దగ్గర కారే లేదు, రోడ్డు మీద చూస్తే ఆ కారు నడుపుతున్నది నేను. దీనికి మీరేం జవాబు చెప్తారో నాకు చెప్పండి, నేనూ అదే చెప్తా.

నాన్న: సరేలే, రేపు ఏజెంటుకి ఫోన్ చేస్తా. బోస్టన్ అడ్రస్ ఇస్తా, డిస్కౌంట్ తీసేయమంటా, ప్రీమియం పెరిగితే పెరుగుతుంది. కానీ రిజిస్ట్రేషన్ మాత్రం ఇక్కడే. డిసెంబర్లో ఇన్‌స్పెక్షన్ గడువుంది, మర్చిపోకు.

కూతురు: దానికోసం అంత దూరం నడుపుకుంటూ రావాలా?

నాన్న: మరి ప్లేటు మార్చొద్దని ఇంతసేపు ఎందుకు పోట్లాడాననుకున్నావు?