అంపైరుకీ ఓ మడతకుర్చీ వెయ్యండి

బేస్‌బాల్‌లో హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలమీద ఉండే తెల్ల పలక) వెనక నిలబడే అంపైరు బంతిని ఇంకాస్త బాగా చూడాలంటే ఏం చేయాలి? అమెరికా వాళ్ళు నూటయాభై ఏళ్ళుగా బుర్ర బద్దలుకొట్టుకుంటున్న ఈ ప్రశ్నకి మా న్యూజెర్సీ పిల్లల మైదానాల్లో ప్రతి శనివారం పొద్దున్నే జవాబు దొరుకుతోంది. అంపైరుని అక్కణ్ణుంచి లేపేసి, మూడో బేస్ వైపు కంచె అవతల, నీడలో, ఓ మడతకుర్చీ వేసి కూర్చోబెట్టాలి. చెయ్యి పెట్టుకునే చోట కాఫీ కప్పుకి కన్నం ఉన్న కుర్చీ అయితే మరీ మంచిది.

ఎందుకంటే అక్కణ్ణుంచి అన్నీ కనిపిస్తాయి. నేనంటున్న మాట కాదిది. ఆ కుర్చీల్లో కూర్చున్న నాన్నలే, "కమాన్ బ్లూ! అది రెండడుగులు బయట!" అని అరుస్తుంటారు. (అంపైర్లని ఇక్కడ బ్లూ అంటారు, వేసుకునే చొక్కా రంగుని బట్టి.) ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. బ్యాటర్ కొట్టకుండా వదిలేసిన బంతి దాని మీదుగా, మోకాళ్ళకీ ఛాతీకీ మధ్య ఎత్తులో వెళ్తే స్ట్రైక్, లేదంటే బాల్. ఆ చోటే జోన్. మూడు స్ట్రైకులైతే బ్యాటర్ ఔట్, దాన్నే స్ట్రైకౌట్ అంటారు. రెండడుగులు బయట వచ్చిన బంతిని పట్టుకోవాలంటే క్యాచర్ (మన వికెట్‌కీపర్ లాంటివాడు) పక్కకి దూకాలి. మరి క్యాచర్ కూర్చున్న చోటు నుంచి కదల్లేదే అని అడక్కూడదు. కుర్చీలోంచి చూస్తే దూకినట్టే ఉంటుంది.

అంపైరింగ్ నేర్పే బళ్ళలో మాత్రం పాపం, ఇంకేదో చెబుతారు. క్యాచర్ నెత్తి మీదుగా చూడకూడదట. క్యాచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య ఓ సందు ఉంటుంది, స్లాట్ అంటారు, అందులో సర్దుకుని నిలబడాలట. గడ్డం క్యాచర్ హెల్మెట్ పైఅంచుకి సమంగా ఉండాలి. పిచర్ (బంతి విసిరేవాడు) చేతిలోంచి బంతి వదిలేలోపే ఒళ్ళు కదలకుండా కుదురుకోవాలి. తల తిప్పకుండా, కళ్ళు మాత్రమే బంతి వెంట గ్లవ్ దాకా వెళ్ళాలి. తల కదిలిందా, జోన్ కూడా దానితోపాటే కదులుతుంది. క్యాచర్ లోపలివైపు, అంటే బ్యాటర్ వైపు, జరిగి అడ్డమొస్తే బయటివైపు కింది మూల సరిగా కనపడదు. అన్నిటికంటే కష్టమైన బంతి అదే. పైగా గీత బయట పడ్డ బంతిని పట్టీపట్టనట్టు పట్టి, గ్లవ్‌ని మెల్లిగా లోపలికి లాగి అంపైరుని బోల్తా కొట్టించడమే మంచి క్యాచర్‌కి ఉండాల్సిన విద్య. అంచేత గ్లవ్ ఎక్కడ ఆగిందని కాదు, బంతి ప్లేట్‌ని ఎక్కడ దాటిందని చూడాలి.

చూశాక వెంటనే నోరు తెరవకూడదు. ఓ క్షణం ఆగాలి, చూసిందాన్ని మనసులో ఇంకోసారి చూసుకోవాలి, అప్పుడు చెప్పాలి. డగ్ హార్వే అని ఒకాయన 1962 నుంచి 1992 దాకా అమెరికా రెండు పెద్ద లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో అంపైరు. ఆయన పేరుపడిందే ఈ నింపాదికి. ఆటగాళ్ళు ఆయన్ని 'దేవుడు' అని పిలిచేవాళ్ళు. 2010లో బేస్‌బాల్ మేటివాళ్ళ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

కుర్చీవాళ్ళకి ఇంత తతంగం అక్కర్లేదు. బంతి పిచర్ చేతిలో ఉండగానే వాళ్ళకి తెలిసిపోతుంది. కొడుకు బ్యాట్ పట్టుకుంటే బాల్, కొడుకు పిచింగ్ చేస్తుంటే స్ట్రైక్.

మా మైదానంలో ఈ విద్యలో తలపండినాయన ఒకరున్నారు. ఊరందరికీ బావగారే. గుంటూరులో కాలేజీ రోజుల్లో క్రికెట్ ఆడారు కాబట్టి బేస్‌బాల్ ఆయనకి పుట్టుకతో వచ్చింది. పెళ్ళిలో పురోహితుడికి మంత్రాలు అందించే మేనమామలాగా ప్రతి బంతికీ అంపైరుకి సాయం చేస్తుంటారు. "ఆఫ్ స్టంప్ బయట పడింది కదండీ, ఎలా ఇస్తాడు?" అంటారు. బావగారూ, ఇందులో బంతి ఎక్కడా పడదండీ అన్నా వినరు. పోయిన వారం ట్రైపాడ్ తెచ్చారు. ఫోన్ బిగించి, స్లోమోషన్‌లో తీసి, తెరమీద వేలితో ఓ గీత గీశారు. "చూడండి అన్నగారూ, మీరే చెప్పండి" అని ఫోన్ పక్క కుర్చీకి ఇచ్చారు. పక్కాయన కళ్ళజోడు వెతుక్కుని చూసి, జూమ్ చేసి, ఆ పక్కావిడకి ఇచ్చాడు. ఆవిడ చూస్తుండగా వాళ్ళ అత్తగారు వాట్సాప్‌లో వీడియో కాల్ చేశారు. ఫోన్ ఏడు కుర్చీలు తిరిగి, వేళ్ళకున్న జంతికల నూనె పూసుకుని, తిరిగొచ్చేసరికి మైదానంలో ఇంకో ముగ్గురు బ్యాటర్లు వచ్చి వెళ్ళారు. బావగారు ఇంకా మొదటి బంతి దగ్గరే ఉన్నారు. లేచి నిలబడి, కంచె పట్టుకుని, "బ్లూ! దట్ వజ్ ఎ బాల్! ఐ హ్యావ్ ప్రూఫ్!" అని గర్జించారు. అప్పుడు అక్కయ్యగారు గుసగుసగా అన్నారు: "ఏవండీ, అప్పుడు పిచింగ్ చేసింది మనవాడేనండీ. అది స్ట్రైకే మనకి కావాల్సింది." బావగారు కూర్చున్నారు. ఫోన్ ఇంకోసారి చూసుకున్నారు. "అదేగా నేను మొదట్నుంచీ చెప్పేది" అన్నారు.

పక్కనుంచి చూస్తే బంతి ఎత్తు కాస్త తెలుస్తుంది. లోపలా బయటా అన్నది తెలిసే దారే లేదు. వాళ్ళు గొంతు చించుకునేది మాత్రం ఎప్పుడూ లోపలా బయటా గురించే.

పెద్ద లీగ్‌లో అంపైర్లు తప్పులు చెయ్యరని నేననడం లేదు. 1997 అక్టోబరులో బ్రేవ్స్ జట్టుతో ఆటలో అంపైరు ఎరిక్ గ్రెగ్ ఇచ్చిన జోన్ ఎంత వెడల్పంటే, మార్లిన్స్ జట్టు పిచర్ కుర్రాడు లివాన్ హెర్నాండెజ్ 15 మందిని స్ట్రైకౌట్ చేసి కూర్చున్నాడు. దాన్ని తిట్టుకోండి, ఎవరొద్దన్నారు? గంటకి 95 మైళ్ళ బంతి 0.4 సెకన్లలో వచ్చేస్తే మనిషి కన్ను ఎంతని చూస్తుంది అని అక్కడ మిషన్లు కూడా పెట్టారు. మన క్రికెట్ డీఆర్‌ఎస్‌లో చూసే హాక్-ఐనే. 2026 సీజన్ నుంచి జట్టుకి రెండు చాలెంజ్‌లు, గెలిస్తే పోవు. బ్యాటర్, పిచర్, క్యాచర్, ఈ ముగ్గురిలో ఒకరు వెంటనే తన తలమీద తట్టుకుని అడగాలి. మేనేజర్‌కి కూడా ఆ హక్కు లేదు. కుర్చీల ఊసు రూల్స్‌లో ఎక్కడా లేదు. ఇంత పక్షపాతం దేశంలో ఇంకెక్కడా చూడలేదు.

సరే, మా అంపైరు గురించి చెప్పాలి. తొమ్మిదో క్లాసు కుర్రాడు. లీగ్ వాళ్ళిచ్చిన మాస్క్ వాడికి వదులు, వంగినప్పుడల్లా జారుతుంది, ఎడం చేత్తో ఎగదోసుకుంటాడు. మా పిల్లల మైదానంలో పిచర్‌కీ ప్లేట్‌కీ మధ్య 46 అడుగులు. పన్నెండేళ్ళవాడు గంటకి 50 మైళ్ళ వేగంతో విసిరినా అర సెకనుకి కాస్త పైన. దానికి తగిలీ తగలని బ్యాటు అంచు తోడైతే బంతి తిన్నగా మాస్క్ మీదికే. ఓసారి అలాగే తగిలింది. వాడు తల విదిలించుకుని, బ్రష్ తీసి, పిచర్‌కి వీపు పెట్టి ప్లేట్ తుడవడానికి వంగాడు. అంపైర్లు అలాగే తుడుస్తారు. అంచేత వాడి మొహం మా వైపే ఉంది. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి, కింది పెదవి పళ్ళతో నొక్కుకుని ఉన్నాడు. అప్పుడు కుర్చీల్లోంచి వచ్చిన మాట: "ఇప్పటికైనా కళ్ళు కనపడి చస్తాయేమో వీడికి!" తెలుగులోనే. వాడికి అర్థం కాదని ధైర్యం.

ఛీ. సిగ్గుండాలి. నలభై ఐదేళ్ళ మనిషి, ఇల్లు, ఉద్యోగం, ఆఫీసులో కింద పదిమంది, శనివారం పొద్దున్న వచ్చి పద్నాలుగేళ్ళ పిల్లాడి మీద అరవడానికా ఇంత చదువు చదివింది? పొద్దున్న నుంచి ఎండలో నిలబడితే వాడికొచ్చేది పిజ్జా ఖర్చు. నీ కొడుకు నాలుగో స్ట్రైకౌట్‌కి కారణం వాడు కాదు, నీ కొడుకు బ్యాట్ ఊపకపోవడం. 2019లో కొలరాడోలోని లేక్‌వుడ్‌లో ఏడేళ్ళ పిల్లలు ఆడుతున్న ఆటలో అంపైరుకి పదమూడేళ్ళు. వాడి తీర్పు నచ్చలేదని పెద్దవాళ్ళు మైదానంలోకి దిగి ఒకళ్ళనొకళ్ళు పిడిగుద్దులు గుద్దుకున్నారు. వీడియో ఉంది. పిల్లలు పక్కన నిలబడి చూస్తున్నారు. ఎవడు స్ట్రైక్ తప్పిచ్చాడని ఇంకా నన్నడగొద్దు.

మా రాష్ట్రంలోనే డెప్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో, 2023లో, తిట్లు పడలేక ఇద్దరు అంపైర్లు మానేశాక లీగ్ వాళ్ళు ఓ రూల్ పెట్టారు. అంపైరుతో గొడవపడితే మైదానం నుంచి గెంటేస్తారు, మళ్ళీ రావాలంటే ముందు మూడు ఆటలకి తామే అంపైరింగ్ చెయ్యాలి. అదే రూల్ మాకూ పెట్టమని మా లీగ్ వాళ్ళకి రాశాను. ఆలోచన మంచిదే అన్నారు. కానీ బావగారి నడుముకి సరిపడే ఛాతీ కవచం ఆర్డర్ చేస్తే వచ్చేసరికి సీజన్ అయిపోతుందట.