సవరణ: ఆస్ట్రా అంటే పేరు మార్చిన వెస్ట్‌విండ్ కాదు

మొన్న విశాఖ ఆర్కే బీచ్‌లో ప్రదర్శనకి పెట్టిన పాత నేవీ విమానం టీయూ-142 చూసొచ్చిన ఊపులో బిజినెస్ జెట్ల (కంపెనీల పెద్దలు తిరిగే చిన్న జెట్ విమానాలు) మీద ఒక పోస్టు పెట్టాను. అందులో ఇజ్రాయెల్ కంపెనీ తయారుచేసిన రెండు జెట్లు, వెస్ట్‌విండ్, ఆస్ట్రా గురించి చెప్తూ "ఆస్ట్రా అంటే పాత వెస్ట్‌విండే, పేరు మార్చి అమ్మారు" అని రాశాను. అది తప్పు, చూసుకోకుండా రాసేశాను. గాజువాకలో ఉండే ఒక పెద్దాయన, నేవీలో విమానాల మెయింటెనెన్స్ చేసి రిటైరయ్యారు, ఫోన్ చేసి "రెక్క ఎక్కడుందో చూశావా బాబూ?" అని ఒకటే ప్రశ్న వేశారు. విమాన చరిత్ర పుస్తకాలు తిరగేస్తే ఆయన మాటే నిజం.

వెస్ట్‌విండ్ రెక్క దాదాపు తిన్నగా, చివర్లలో ఇంధనం ట్యాంకులతో, బాడీ నడుము ఎత్తులో ఉంటుంది, కాబట్టి దాన్ని మోసే దూలం క్యాబిన్ చోటు తినేసేది. 1984లో మొదటిసారి ఎగిరిన ఆస్ట్రాకి కొత్తగా, వెనక్కి వాలిన రెక్క గీసి, దాన్ని క్యాబిన్ నేల కిందికి దించారు. లోపల తల ఎత్తి నడవడానికి కాస్త వీలు దొరికింది అందుకే. బాడీ, తోక పాతదాని నుంచి వచ్చినవే, అక్కడే నేను బోల్తా పడ్డాను.

ఇంకొకటి, వెస్ట్‌విండ్ పుట్టుక ఇజ్రాయెల్‌లోనే అన్నట్టు కొందరికి అర్థమైంది. దాని మూలం 1963లో ఎగిరిన 'జెట్ కమాండర్' అనే అమెరికా విమానం. దాన్ని తయారుచేసే కంపెనీ ఇంకో విమాన కంపెనీతో విలీనమైనప్పుడు, ఒకే గొడుగు కింద రెండు పోటీ జెట్లు ఉండకూడదని దీన్ని ఇజ్రాయెల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఇండస్ట్రీస్‌కి అమ్మేశారు. పాత పోస్టులో ఆ లైను మార్చాను.