పాత ప్లగ్ ఇన్ హైబ్రిడ్ కొనేముందు ఛార్జింగ్ కేబుల్ చూడండి

విజయవాడ ఆటోనగర్‌లో పాత కారు బేరానికి వెళ్లేవారికి పరీక్షలన్నీ కంఠతా వచ్చు. బానెట్ ఎత్తి ఇంజిన్ చప్పుడు వింటారు, పొగ రంగు, టైర్ల అరుగుదల చూస్తారు, చివరికి తిరిగిన కిలోమీటర్లను బట్టి ధర కడతారు. ప్లగ్ ఇన్ హైబ్రిడ్ ఎస్‌యూవీ దగ్గర ఈ లెక్క సరిపోదు. పెట్రోలు ఇంజిన్‌తో పాటు ఇంట్లో ప్లగ్గు పెట్టి ఛార్జి చేసుకునే బ్యాటరీ, దానితో నడిచే మోటారు కూడా ఉన్న ఆ బండిలో ఇంజిన్ ఒక తీరున, బ్యాటరీ మరో తీరున పాతబడతాయి. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2023 సర్వేలో పెట్రోలు కార్ల కన్నా ప్లగ్ ఇన్ హైబ్రిడ్‌లలో సమస్యలు 146 శాతం ఎక్కువగా, ప్లగ్గు లేని మామూలు హైబ్రిడ్‌లలో 26 శాతం తక్కువగా తేలాయి. పేరులో హైబ్రిడ్ అని ఉన్నంత మాత్రాన రెండింటినీ ఒకే గాటన కట్టకూడదని నేననేది అందుకే.

ఈమధ్య మా బంధువుల కోసం అరవై వేల కిలోమీటర్లు తిరిగిన ఇలాంటి బండిని చూడడానికి వెళ్లాను. డిక్కీ అడుగున ఛార్జింగ్ కేబుల్ కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ సంచిలోనే, చుట్టిన పట్టీ కూడా విప్పకుండా ఉంది. అమ్మే వ్యక్తి దాన్ని బండి కొత్తదనానికి గుర్తుగా చూపించారు. మొదటి యజమాని ఇంట్లో వాల్ ఛార్జర్ కూడా పెట్టించుకోలేదని అడిగితే తెలిసింది. అంటే రెండు టన్నులు దాటిన ఆ బరువును ఇన్నేళ్లూ దాదాపుగా టర్బో ఇంజినే లాగింది. అలాంటి బండిని పెట్రోలు కారుగానే పరీక్షించి, పెట్రోలు కారు ధరే ఇవ్వాలి.

రోజూ ఛార్జి పెట్టి బెంజిసర్కిల్ నుంచి గన్నవరం దాకా కరెంటు మీదే తిరిగిన బండిదీ మరో చిక్కు. దాని ఇంజిన్ వారాల తరబడి పడుకుని ఉంటుంది, ట్యాంకులో నిలవైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, ఎప్పుడో కాసేపు తిరిగినా ఇంజిన్ పూర్తిగా వేడెక్కక ఆయిల్‌లోకి పెట్రోలు, నీటి ఆవిరి చేరతాయి. అందుకే సర్వీసు బిల్లుల్లో కిలోమీటర్ల కన్నా తేదీలు ముఖ్యం. తక్కువ తిరిగిందన్న సాకుతో రెండేళ్లు ఆయిల్ మార్చని బండిని నేనైతే తీసుకోను.

ఇక బ్యాటరీ. లిథియం బ్యాటరీకి వేడి పడదు, నిండా ఛార్జి చేసి మన మే నెల ఎండలో నిలబెడితే మరింత త్వరగా నీరసపడుతుంది. చాలా మోడళ్లలో దాన్ని చల్లబరిచేది కారు ఏసీయే కనుక, ఏసీ సరిగా లేకపోవడం సుఖానికి సంబంధించిన లోపం మాత్రమే కాదు. బ్యాటరీని బాగా తగ్గనిచ్చి, ప్లగ్గు దగ్గర చిన్న మీటరు పెట్టి నిండేదాకా ఎన్ని యూనిట్లు తీసుకుందో చూడాలి. ఛార్జి అయ్యేటప్పుడు వృథాగా పోయే కరెంటును తీసివేసి, అదే ఏడాది మోడల్ కొత్తగా ఉన్నప్పుడు తీసుకునే లెక్కతో పోల్చాలి. ఏడాది ఎందుకంటే, వోల్వో ఎక్స్‌సీ90 టీ8 తొలి మోడళ్లలో 9.2 యూనిట్ల బ్యాటరీ ఉంటే 2022 నాటికి అది 18.8కి పెరిగింది.

మన ఊళ్లో ఇంకొక్కటి అడగక తప్పదు: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఈ బండి ఎక్కడ ఉంది? బండి చేతులు మారకుండానే ఆ తరువాతి ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నాకు పడిపోయి ఉంటే, ఆ క్లెయిమ్ కాగితాలు చూపించమనాలి. సీటు బెల్టును చివరిదాకా లాగితే మడతల్లో బురద చార కనిపించవచ్చు. లిఫ్ట్ మీద ఎత్తించి, కింద నారింజ రంగు హైవోల్టేజ్ కేబుళ్ల కనెక్టర్ల దగ్గర తుప్పు, ఆకుపచ్చ మరక ఉన్నాయేమో చూడాలి. ఉంటే బేరం అక్కడితో ఆపేయాలి.

ఆ కేబుళ్లు విప్పడానికి శిక్షణ, రక్షణ గ్లవ్స్ ఉన్న మనిషి కావాలి. ఎంత చేయి తిరిగిన మెకానిక్ అయినా అవి లేకుండా ముట్టుకోకూడదు. ఆ కంపెనీ వర్క్‌షాప్ ఇక్కడ లేకపోతే బండిని 270 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు ట్రక్కు మీద చేర్చాలి. బ్యాటరీకి చాలా కంపెనీలు ఇచ్చే ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీలో ఇంకా ఎంత మిగిలిందో, అది రెండో యజమానికి వర్తిస్తుందో లేదో ఛాసిస్ నంబరు చెప్పి ఆ వర్క్‌షాప్ నుంచే రాతపూర్వకంగా తీసుకుని, అడ్వాన్సు సంగతి ఆ తరువాతే మాట్లాడాలి.