మహారాజశ్రీ సీటు కవరు గారికి

మహారాజశ్రీ కొత్త సీటు కవరు గారి దివ్యసముఖానికి, తమరి మీద కూర్చున్న పాపానికి తడిసి ముద్దయిన పాలకొల్లు మనిషి ఒకడు నమస్కరించి రాసుకునే ఉత్తరం. ఉభయకుశలోపరి అనడం ఆనవాయితీ. తమరు కుశలమే. దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేసినా నిగనిగలాడుతూనే ఉన్నారు. కుశలం లేనిది నాకూ, నా జేబుకూ.

పోయిన నెల నర్సాపురం రేవులో గోదారి దాటించే పంటెక్కి, సఖినేటిపల్లి వైపు దిగి, అక్కణ్ణుంచి ఆటోలో పడి పోయి మరీ తమరిని కొనుక్కొచ్చాను. ఊళ్లో అందరికీ సెకండ్ హ్యాండ్ బండి కొన్నానని చెప్పుకున్నాను గానీ, తమరి దగ్గర దాపరికమెందుకు? నేను కొన్నది తమరినే. నల్ల రెగ్జిను, అంచులకి ఎర్ర పైపింగు, నడిమధ్య డైమండ్ కుట్టు. 32 వేలు తమరికిచ్చాను. బండి కొసరు.

ఆ కొసరు గురించి అమ్మినాయన చెప్పిన మాటలు తమరూ విన్నారు. "సింగిల్ హ్యాండండి. మేస్టారి బండండి, ఆయ్. బడికీ ఇంటికీ తప్ప తిరగలేదండి." ఆయ్ అన్నప్పుడల్లా ఆయన తమరి మీద చెయ్యేసి నిమిరాడు. ఇంజిను మీద వెయ్యలేదు, టైరు మీద వెయ్యలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. రాలేదు సరికదా, నేనూ ఎంతో అనుభవమున్నవాడిలా వంగి తమరినే రెండు వేళ్లతో నొక్కి "మెత్తగానే ఉందండి" అన్నాను. బండి పరీక్ష అక్కడితో పూర్తయింది.

సింగిల్ హ్యాండ్ అన్న మాట అబద్ధమని మాత్రం అనలేను. ఆర్సీలో నిజంగానే ఒక్క పేరే ఉంది. చేతులు నాలుగు మారాయి, పేరు ఎవరూ మార్చుకోలేదు, అంతే. పేరు మార్చుకోవాలంటే ఫారం 29, ఫారం 30 అని రెండు కాగితాల మీద సంతకాలు కావాలి. కొన్న 30 రోజుల్లోపు బదిలీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇన్సూరెన్సులో పేరు మార్పుకైతే 14 రోజులే. ఇవన్నీ ఇప్పుడు చెప్తున్నానంటే కొన్నాక తెలుసుకున్నానని అర్థం. మేస్టారు రిటైరై హైదరాబాదులో కొడుకు దగ్గరున్నారట. తన పాత బండి మీద ఎవరెవరో చేసిన తప్పులకి చలానాలు ఆయన ఫోనుకే వెళ్తున్నాయట. ఫోన్ చేసి నా పేరు చెప్పుకోగానే "నాయనా, నువ్వైనా నన్ను వదిలించు" అన్నారు. పాపం, గొంతులో నిజమైన బాధ వినపడింది.

సరే, తిరుగు ప్రయాణం. పంటు మీద తమరిని చూసిన వాళ్లందరూ మెచ్చుకున్నారు. వశిష్ఠ గోదావరి గాలి, చేతిలో బండి తాళం, మనసులో ఎక్కడలేని దర్జా. నర్సాపురంలో పంటు దిగి రేవు గట్టు ఎక్కుతుండగా కింద టకటకమని శబ్దం. ఇంజిను గోల పెడుతోంది, బండి మాత్రం ముందుకు కదలదు. ముందుకు కదలకపోగా వెనక్కి జారుతోంది. వెనకాల గోదావరి. గోదావరికీ నాకూ మధ్య కొబ్బరికాయల ఆటో ఒకటి, ఆగకుండా హారను కొడుతూ. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి పైకి తోశారు. గట్టు మీద రొప్పుతూ నిలబడ్డాక అందులో ఒకడు అన్నాడు: "సీటు భలే ఉందన్నా."

చైను స్ప్రాకెట్ అనే పళ్ల చక్రం మీంచి ఊడి లోపల ముద్దలా పడుంది. ఈ విషయంలో తప్పంతా తమరిదే అనను. తమరి మేనత్త కొడుకు ఒకాయన ఉన్నాడు, చైన్ కవరు. ఆయనా తమరి వంశమే: లోపలేముందో బయటికి చెప్పడు. ఆయన ఒంటికి చిన్న రబ్బరు మూత ఉంటుంది. అది ఊడదీసి వేలు పెట్టి చైనును పైకీ కిందకీ ఆడిస్తే అంగుళం అటూ ఇటుగా ఊగాలి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి, ఎందుకంటే అరిగిన చైను ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా ఉంటుంది. నా చైను ఉయ్యాల సేవకి పనికొచ్చేలా ఉంది. స్ప్రాకెట్ పళ్లయితే ఒక పక్కకి వంగి కొక్కేల్లా తయారయ్యాయి. చైనొక్కటే మారిస్తే చాలుగదా అని బేరమాడాను. అరిగిన పళ్ల మీద కొత్త చైను నాలుగు నెలలు కూడా ఉండదు, ముందుదీ వెనకదీ చైనూ మూడూ కలిపే మార్చాలి అన్నాడు మెకానిక్కు.

అయితే మెకానిక్కు దగ్గరికి నేను తిన్నగా పోలేదు. ముందు అమ్మ చెప్పినట్టు అయినవిల్లి వెళ్లి వినాయకుడి ముందు పూజ చేయించాను. (రేవులో ఊడిన చైనును అక్కడే ఒకాయన బతిమాలితే ఎక్కించి పెట్టాడు. ఆ చైనుతోనే అయినవిల్లి వెళ్లొచ్చానంటే దేవుడి మహిమను శంకించలేను.) పసుపు, కుంకుమ, బంతిపూల దండ, టైర్ల కింద నిమ్మకాయలు. దండ జారకుండా తమరి మీద కొత్త తువ్వాలు కూడా పరిచాను. ఆ టైర్ల మీద నాలుగంకెలు అచ్చేసి ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నా వెనక టైరు మీద 3514. అంటే 2014లో 35వ వారం. ఆ టైరు కింద నిమ్మకాయ నలిగినందుకు ఇప్పటికీ ఆశ్చర్యమే. టైరు పగిలి నిమ్మకాయ మిగలాల్సింది.

ఇక నూనె సంగతి. ఇది కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి.

"గురువుగారూ, కొనేటప్పుడు ఆయిల్ చూశారాండి?" అనడిగాడు మెకానిక్కు.

"మొదటి కిక్కుకే స్టార్టయింది."

"అదికాదండి. ఆయిల్ చూశారా?"

నేను మాట్లాడలేదు. అతను బండిని సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిను కాసేపు తిప్పి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి, ఆయిల్ గేజీ బయటికి తీసి గుడ్డతో తుడిచాడు. మళ్లీ మర తిప్పకుండా ఊరికే లోపలికి దించి తీసి నా ముఖం ముందు పట్టుకున్నాడు. దాని మీద రెండు గీతలుంటాయి. నూనె ఆ రెండింటి మధ్య ఉండాలి. నా గేజీ కొసన తారులాంటి బొట్టొకటి వేలాడుతోంది, అంతే.

అప్పుడు నిజంగా సిగ్గేసింది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి వరద కొలిచే గేజీ నాకు కంఠతా వచ్చు. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. భద్రాచలంలో నీళ్లెంతున్నాయో టీవీలో చూసి, ఆనకట్ట దగ్గరికి ఎప్పటికొస్తాయో వీధి అరుగు మీద కూర్చుని లెక్క కట్టే మనిషిని. ఎక్కడో ఉన్న గేజీ మీద ఇంత పాండిత్యం, మోకాలి పక్కనే ఉన్న గేజీకి గీతలుంటాయనైనా తెలీదు.

ఇలాంటి వంద సీసీ ఇంజిన్లో నూనె మార్చినప్పుడు లీటరుకి కాస్త తక్కువ పడుతుంది. నా బండి డ్రెయిన్ బోల్టు విప్పితే టీ గ్లాసున్నర వచ్చింది. ఈ బండ్లలో పిస్టనుకీ, గేర్లకీ, క్లచ్ ప్లేట్లకీ అంతా ఒకే నూనె. అందుకే కారుకి వాడగా మిగిలిందని పోస్తే క్లచ్ జారుతుందట. డబ్బా మీద జాసో ఎంఏ అని, అంటే ఇలాంటి క్లచ్‌కి పనికొచ్చే నూనె అన్న గుర్తు, ఉందో లేదో చూసుకోమన్నాడు. మిగిలిపోయిన కారు నూనె మా ఇంట్లో ఉందని నేనేమీ అనలేదు. ఎలా కనిపెట్టాడో!

మాది కాలవల మీద బతికే దేశం. కాటన్ దొర ఆనకట్ట కట్టడం 1852కి పూర్తయింది. అప్పట్నుంచి మనకి నీళ్ల లెక్క తెలుసు, పూడిక లెక్క తెలుసు. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు, పూడిక తీస్తారు, లాకుల తలుపులు బాగుచేస్తారు. చెయ్యకపోతే శివారు పొలానికి నీరందదని పంటకాలవ గట్టు మీద ఆడుకునే పిల్లాడికి కూడా తెలుసు. (గుర్రపుడెక్క తీసి గట్టు మీదే పోసి, తొలకరికి మళ్లీ కాలవలోకే జారనివ్వడం వేరే విద్య. దాని మీద ఇంకో ఉత్తరం రాస్తాను.) అంత పెద్ద కాలవకి ఏటా సెలవిచ్చే ఊళ్లో, లీటరు కూడా పట్టని ఇంజినుకి ఒక్క పూట సెలవివ్వడానికి నలుగురు ఓనర్లకీ మనసొప్పలేదు. అయిదోవాణ్ణి నేను. నేను మాత్రం పూలదండ వేశాను.

ఇప్పుడు తమరి విషయానికొస్తాను.

చైనూ నూనే అయ్యాక బండి బాగానే నడిచింది. వారం తర్వాత భీమవరం వెళ్తుంటే వీరవాసరం దగ్గర వాన పట్టుకుంది, పావుగంట కురిసి తగ్గింది. ఎండ కాసింది, చొక్కా ఆరింది, ప్యాంటు వెనక మాత్రం ఆరలేదు. మర్నాడూ అంతే. మూడోనాడు వాన చుక్క లేకపోయినా ఆఫీసు కుర్చీలోంచి లేచేసరికి కుర్చీ మీద నా ఆకారంలో తడి. పక్క సీటాయన ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది, చెప్పుకునేవాణ్ణి. "ఏవండీ, డాక్టరుకి చూపించుకుంటే మంచిదేమో" అంది మా ఆవిడ.

తమరి డైమండ్ కుట్టు! ప్రతి కుట్టూ ఒక చిల్లు. వాన పడితే ఆ చిల్లుల్లోంచి నీళ్లు లోపలి ఫోమ్‌లోకి దిగుతాయి. మనిషి కూర్చుంటే అవే చిల్లుల్లోంచి పైకొస్తాయి. ఇంత చక్కటి ఎత్తిపోతల పథకం డెల్టాలో ఇంకెక్కడా లేదు.

ఆదివారం సీటు విప్పి, కింద కొట్టిన పిన్నులు ఒక్కోటీ పీకి తమరిని పక్కకి తీశాను. ఫోమ్ పసుపుపచ్చగా ఉండాలి. ఇటిక రంగులో ఉంది. పట్టుకుని పిండాను. ఎర్రనీళ్లు! బకెట్లో అడుగున ఒండ్రు పేరుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన చెప్పేసింది. గోదారొడ్డున పుట్టిన వాడికి ఆ వాసన ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఫోమ్ పక్కన బురద గీత కూడా ఒకటి, గోడల మీద వరద తీశాక మిగిలే గీతలాంటిది.

మెకానిక్కును పిలిచి చూపించాను. వేలితో గీత తడిమి, "ఇది మూడో ప్రమాద హెచ్చరికండి, ఆయ్" అన్నాడు.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో మునిగిన బండో, ఆ తర్వాతి వరదల్లో మునిగిందో నాకు తెలీదు. మునిగిందన్నది మాత్రం తమరికి తెలుసు. తమరిని కుట్టించిందే అందుకు. ఆ తర్వాత ఒక్కోటీ అర్థమయ్యాయి. ముందు చక్రం తిప్పితే తిరగలి శబ్దం ఎందుకొస్తోందంటే, బేరింగుల్లో గ్రీజు కొట్టుకుపోయింది. హారను ఒకసారి మోగి రెండుసార్లు మోగకపోవడమెందుకంటే, వైర్ల కప్లర్లలో పచ్చటి చిలుము. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గుప్పెడు ఒండ్రు. ఆ మట్టిలో వంగనారు పోస్తే అద్భుతంగా వస్తుంది, కార్బురేటరు మాత్రం బతకదు. ఫిల్టరు కాగితం రకం, నూనె పూతతో ఉన్నది. గాలి కొట్టి మళ్లీ వాడుకుందామన్నాను. వద్దన్నాడు, కొత్తది వేశాడు. బ్రేకులు విప్పి శుభ్రం చేశాడు. ప్లగ్ మార్చాడు. వెనక టైరు ఎలాగూ పోయింది.

అన్నీ కలిపి 7,840 రూపాయలు. తమరి ఖరీదు కూడా కనుక్కున్నాను: కుట్టుకూలితో కలిపి 350. అంత చిన్న మొత్తానికి అంత పెద్ద గోదావరిని దాచగలిగారు. తమరి ప్రతిభకి జోహార్లు.

కొత్త ఫోమ్ వేయించాను. దాని మీద మందపాటి పాలిథిన్ షీటు చుట్టి, ఆ పైన మళ్లీ తమరినే తొడుగుతున్నాను. కోపం లేక కాదు, ఇంకో 350 లేక. తొడిగే ముందు తమరిని తిరగేసి లోపలి వైపు మార్కర్ పెన్నుతో రాశాను: ఆయిల్ మార్చిన తేదీ, చైను కిట్ వేసిన తేదీ, బేరింగులు, ఫిల్టరు, టైరు మీది నాలుగంకెలు. కిలోమీటర్లు కూడా రాద్దామనుకున్నాను గానీ, మీటరు 18 వేల దగ్గర ఆగి ఎన్నేళ్లయిందో! ఫుట్‌రెస్టు రబ్బర్లు ఇనుము కనబడేదాకా అరిగాయి. ఆ గడి ఖాళీగా వదిలేశాను. అన్నిటికన్నా కింద "వరదలో మునిగిన బండి" అని కూడా రాశాను, తమరికి ఇబ్బందిగా ఉన్నా సరే.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి అయిదో ఓనరు
(ఆర్సీ ప్రకారం ఇంకా ఎవరూ కాను)

తా.క.: మేస్టారు రెండు ఫారాల మీదా సంతకాలు పెట్టి కొరియర్లో పంపించారు. వాటితో పాటు చిన్న చీటీ కూడా పెట్టారు. "నేను అమ్మినప్పుడు సీటు చిరిగి ఉండేది, కవరు మార్చుకున్నావా నాయనా?" అని.