రాత్రిళ్ళు మాట్లాడే రూటరు

ఐఎస్‌డీఎన్ లైనుతో, అంటే కంప్యూటర్లు ఒకదానికొకటి డయల్ చేసుకునే ఫోను లైనుతో, వేగినవాళ్ళలో ఎవరిని కదిపినా ఒకటే ఏడుపు: కలవదు. గోడకు డబ్బా ఉంటుంది, డబ్బాలో దీపం వెలుగుతుంది, ఆ ఊరి రూటరూ ఈ ఊరి రూటరూ బుద్ధిగా కూర్చునే ఉంటాయి, కానీ కలవవు. మాకొచ్చిన కష్టం వేరు. మా రూటర్లు కలిశాయి. కలిశాక ఫోను పెట్టేయడం మానేశాయి.

2002 నాటి మాట. చెన్నై ప్యారిస్ కార్నర్ దగ్గర ఒక పాత మేడ మీద మా బ్రాంచి, బెంగుళూరులో హెడ్డాఫీసు. పైపులు, మోటార్ల వ్యాపారం. ఎప్పుడూ కలిసే ఉండే లీజు లైను పెట్టించే తాహతు బ్రాంచికి లేదు కాబట్టి, పని పడినప్పుడు రూటరు బెంగుళూరుకి డయల్ చేస్తుంది, పని కాగానే పెట్టేస్తుంది. అలా అని ఏర్పాటు. లైనులో 64 కిలోబిట్ల బి చానళ్ళు రెండు, 16 కిలోబిట్ల డి చానలు ఒకటి. సరుకంతా బి చానళ్ళు మోస్తాయి, ఎవరికి ఎప్పుడు కాల్ చెయ్యాలన్న పెత్తనం డి చానలుది. మోసేవాళ్ళు ఇద్దరు, మేనేజరు ఒకడు. మా ఆఫీసు కంటే పద్ధతిగానే ఉంది.

కలపడానికి పడ్డ తంటాలు అందరూ పడేవే. లైన్‌మన్ వచ్చి "లైన్ నల్లా ఇరుక్కు సార్" అని, అంటే లైను బాగానే ఉందని, కాఫీ తాగి వెళ్ళాడు. నిజంగానే నల్లా ఉంది. 'షో ఐఎస్‌డీఎన్ స్టేటస్' కొడితే ఒకటో లేయరు యాక్టివ్, రెండో లేయరు 'మల్టిపుల్ ఫ్రేమ్ ఎస్టాబ్లిష్డ్' అని చెబుతోంది. అయినా కాల్ వెళ్ళడం, రూటర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టే చాప్ పాస్‌వర్డు దగ్గర తన్నుకుని తిరిగి రావడం. బెంగుళూరు కుర్రాడు పాస్‌వర్డులో మొదటి అక్షరం పెద్దది కొట్టాడు, ఇక్కడున్నది చిన్నది. ఫోన్లో చదువుకున్నప్పుడు రెండూ ఒకేలా వినిపిస్తాయి మరి.

అసలు కథ మే నెలలో బిల్లుతో మొదలైంది.

మా అకౌంటెంటు గారిది నెల్లూరు. బిల్లు కవరు చించే ముందు దానికి దణ్ణం పెట్టే మనిషి. ఆ రోజు దణ్ణం పనిచేయలేదు. కాగితాలు పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చారు.

"ఏందబ్బయ్యా ఇది? మన మిషను సాయంత్రం ఏడు నుంచి పొద్దున తొమ్మిది దాకా బెంగుళూరుతో ఏం మాట్లాడతా ఉంది? పెళ్ళి కుదిరిన పిల్లోళ్ళన్నా మధ్యలో మంచినీళ్ళు తాగుతారే!"

"చూస్తానండీ."

"చూసేదేంది! ఎస్టీడీ బూత్‌ల కాలంలో రాత్రి పదకొండు దాటితే పావు రేటు అని జనం క్యూ కట్టేవాళ్ళు. దీనికి ఆ ఇంగితం కూడా లేదా?"

బిల్లులో వరస చూస్తే నాకూ మతి పోయింది. ఏప్రిల్ 11 నుంచి 15 దాకా పొడవాటి కాల్స్. తర్వాత మూడు రోజులు ఏమీ ఎరగనట్టు. మళ్ళీ 19 నుంచి 23 దాకా. వీటిలో 13 శనివారం సాయంత్రం మొదలైనది సోమవారం పొద్దున దాకా నడిచింది. మధ్యలో 14న ఆదివారం, పైగా తమిళ సంవత్సరాది. ఆఫీసుకు తాళం. అది చాలదన్నట్టు ప్రతి కాలూ జంటగా ఉంది. మాకు ముందున్న మహానుభావుడు 'లోడ్ థ్రెషోల్డ్' 1 అని పెట్టి వెళ్ళాడు. 255 దాకా పెట్టుకోవచ్చు. ఒకటి అంటే, మొదటి చానలు మీద నలుసంత బరువు పడగానే రెండోది కూడా లేస్తుంది. రెండింటికీ వేరువేరు మీటరు.

ఇలాంటప్పుడు ముందుగా రిప్‌ను అనుమానించడం ఆనవాయితీ. 'నాకు ఈ దారులు తెలుసు, నాకు ఈ దారులు తెలుసు' అని ప్రతి 30 సెకన్లకూ అరిచే ప్రోటోకాల్ అది. ఏ ప్యాకెట్ వస్తే డయల్ చెయ్యాలో రూటరులో ఒక జాబితా రాస్తాం. అందులో ఐపీ అన్నది ఏదొచ్చినా సరే అని ఒక్క ముక్కలో రాసి పడేస్తే, ఆ అరుపుకి కూడా కాల్ వెళ్తుంది. మా జాబితా అచ్చం అలాగే ఉంది. కానీ రిప్ అయితే నెలంతా అరవాలి. అయిదు రోజులు అరిచి మూడు రోజులు సెలవు పెట్టదు. పైగా మాకు రిప్ లేనే లేదు, దారులన్నీ చేత్తో రాసినవే.

ఈలోగా అకౌంటెంటు గారు తన తరహాలో విచారణ సాగించారు. వాచ్‌మన్‌ని పిలిపించారు. అతను పై మెట్టు మీద పడుకుంటాడు. రాత్రి మేడ మీదకి ఎవరూ రాలేదని, పెట్టెలో రెండు పచ్చ దీపాలు మాత్రం తెల్లవార్లూ కళ్ళార్పుతున్నాయని, తను అటు తిరిగి పడుకోవడం మానేశానని చెప్పాడు. దాంతో టైపిస్టు అమ్మాయి ఆరు దాటితే ఆఫీసులో ఉండనంది.

మే 10 శుక్రవారం రాత్రి నేనే కాపలా కూర్చున్నాను. రూటరుకి కన్సోల్ కేబుల్ తగిలించి 'షో డయలర్' కొట్టాను. లైను లేచే ఉంది. అందులో ఒక వరస ఉంటుంది, కాల్ తెగడానికి ఇంకా ఎంత టైముందో చెప్పేది. ఇంకే పనీ రాకపోతే 120 సెకన్లకి తెగాలి. కొట్టాను: 97. మళ్ళీ కొట్టాను: 80. 71. 64. హమ్మయ్య, తెగుతోంది అనుకుంటుండగా 118. వెనక్కి జారగిలబడ్డాను. 90, 75, 62... మళ్ళీ 119. ఎవరో నిమిషానికోసారి దాని జుట్టు పట్టి లేపుతున్నారు.

అదే తెర మీద కాస్త కిందుగా, ఈ కాల్ ఎందుకు చేశావు అన్నదానికి రూటరు జవాబు రాసి పెట్టుకుంటుంది: ఏ అడ్రసు నుంచి, ఏ అడ్రసుకి. వెళ్ళేది బెంగుళూరు ప్రాక్సీకి, అంటే అందరికీ ఇంటర్నెట్ పేజీలు తెచ్చిపెట్టే కంప్యూటరుకి. బయల్దేరింది మా హాల్లోంచే. టార్చి పట్టుకుని బల్లల మధ్య నడిచాను. అన్ని కంప్యూటర్లూ చీకటిగానే ఉన్నాయి. ఒక బల్ల కింద మాత్రం సీపీయూ ఫ్యాను గుర్రుమంటోంది. బల్ల మీద వెంకటేశ్వరస్వామి పటం, అగరుబత్తి పుల్ల, పెద్ద క్యాలిక్యులేటరు. అకౌంటెంటు గారి సీటు.

మానిటరు బొత్తాం నొక్కాను. ఆంటిగ్వా, నాలుగో టెస్టు, తాజా స్కోరు. చూస్తుండగానే పేజీ తనంతట తనే ఒకసారి తెల్లబోయి, మళ్ళీ కొత్తగా వచ్చింది. బిల్లు తీసి చూశాను. ఏప్రిల్ 11 నుంచి 15 జార్జ్‌టౌన్ టెస్టు. 19 నుంచి 23 పోర్ట్ ఆఫ్ స్పెయిన్. వెస్టిండీస్‌లో పొద్దున ఆట మొదలయ్యేది మనకు సాయంత్రం ఏడున్నరకి.

శనివారం పొద్దున ఆయనకి విన్నవించాను.

"నా కంప్యూటరా? రోజూ ఆపే పోతాను నేను!"

"ఎలా ఆపుతారండీ?"

"ఇట్టా." మానిటరు బొత్తాం నొక్కి, తెర నల్లగా అయ్యాక నా వంక గెలిచినట్టు చూశారు. బల్ల కింద గుర్రు ఆగలేదు.

"అదీ... కింద..."

"కింది డబ్బా జోలికి పోమాకని వేసినోళ్ళే చెప్పినారు. మాటిమాటికీ ఆపితే చెడిపోద్దంట."

ఆ సాయంత్రమే రూటరులో టైము కట్టాను. రాత్రి ఎనిమిది దాటితే ప్రాక్సీకి వెళ్ళే ప్యాకెట్ కోసం కాల్ వెళ్ళదు, ఉన్న కాల్‌కి గడువు పెరగదు. థ్రెషోల్డ్ కూడా సరిచేశాను. సోమవారం ఆయన దవడకి చేతిరుమాలు కట్టుకుని వచ్చారు. పంటినొప్పేమో అనుకున్నాను. విరిగిన దవడకి కట్టుతోనే కుంబ్లే 14 ఓవర్లు వేసి లారాని ఎల్బీడబ్ల్యూ చేసిన వైనం టైపిస్టుకి చూపించడానికట. అడుగులు లెక్కపెట్టుకుని ఫైళ్ళ బీరువా దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చారు కూడా.

కింగ్‌స్టన్ టెస్టు 18న మొదలై 22న అయిపోయింది, మనవాళ్ళు ఓడారు. జూన్‌లో బిల్లు వచ్చింది. 11 తర్వాత ఐఎస్‌డీఎన్ పద్దు బంగారంలా ఉంది, జంట కాల్స్ లేవు, రాత్రి కాల్స్ లేవు. ఆయన నా భుజం తట్టారు. పక్కనే మామూలు ఫోను బిల్లు పడి ఉంటే తీశాను. 20, 21, 22 తేదీల్లో రాత్రి తొమ్మిది తర్వాత బెంగుళూరు ఆఫీసుకి వరసగా ఎస్టీడీ కాల్స్, ఒక్కొక్కటీ నిమిషం లోపే. బెంగుళూరులో రాత్రి షిఫ్టు కుర్రాడి బల్ల మీద టీవీ ఉండేది.

ఆ వరసల పక్కన ఎర్ర సిరాతో అప్పటికే టిక్కు పెట్టి, 'ఆఫీసు పని' అని రాసి, కింద అకౌంటెంటు గారి సంతకం ఉంది.