పరాయి దేశంలో మన నంబరుకు అద్దె ఎంత?

ఏటా ఏప్రిల్, మే నెలలు వచ్చేసరికి గుంటూరు బ్రాడీపేట, లక్ష్మీపురంలోనూ, విజయవాడ పటమట, మొగల్రాజపురంలోనూ చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి తల్లిదండ్రులు బయలుదేరే కాలమిది. ఆవకాయ, కారప్పొడులు ఎలా కట్టాలో, ఆరు నెలల బీపీ మాత్రలకు డాక్టరు చీటీ ఎవరి దగ్గర రాయించుకోవాలో నెల ముందే తేల్చుకునే ఈ ప్రయాణికులు, ఫోన్ సంగతి మాత్రం శంషాబాద్ వెళ్లే కారులో కూర్చున్నాక ఆలోచిస్తారు. అప్పుడు అడిగే ప్రశ్న కూడా ఒక్కటే: ఏ కంపెనీ ప్యాక్ చవక?

ఆ ప్రశ్న తప్పు కాదు గానీ, అసలు ఖర్చు ఎక్కడుందో అది పట్టుకోదు. విదేశంలో ఫోన్ అవసరాలు మూడు రకాలు: మాట్లాడుకోవడం, ఇంటర్నెట్ వాడుకోవడం, ఇక్కడి నంబరును ప్రాణంతో ఉంచుకోవడం. మొదటి రెండూ ఈ పదేళ్లలో బాగా చవకయ్యాయి. మూడోదే మన కుటుంబాల మీద పడుతున్న అసలు భారం. బ్యాంకు, పింఛను, ఆదాయపు పన్ను, ఆధార్, యూపీఐ అన్నీ ఆ పది అంకెలకే ముడిపడి ఉన్నాయి. అయినా ఆ ఒక్క అవసరాన్ని సరైన ధరకు అమ్మే ఏర్పాటు గానీ, అమ్మించే నిబంధన గానీ మన దేశంలో లేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రోమింగ్ ఎందుకు ఖరీదవుతుందో ముందు చూద్దాం. మన సిమ్ పరాయి దేశపు టవరును పట్టుకోగానే, అక్కడి సంస్థ మన ఆపరేటరును సంప్రదించి ఈ చందాదారు నిజంగా మీవాడేనా, ఏయే సేవలకు అనుమతి ఉందీ అని సరిచూసుకుంటుంది. ఆ తర్వాత మనం వాడిన ప్రతి నిమిషానికీ, ప్రతి ఎంబీకీ ఆ సంస్థ మన ఆపరేటరుకు టోకు ధరకు బిల్లు వేస్తుంది. మన ఆపరేటరు దాని మీద తన లాభం కలుపుకుని మనకు చిల్లర ధరకు అమ్ముతాడు. గుంటూరు నుంచి ఎవరైనా మనకు ఫోన్ చేస్తే వాళ్లకు అది మామూలు స్థానిక కాలే. సముద్రం దాటిన భాగానికి సొమ్ము కట్టాల్సింది ఫోన్ ఎత్తిన మనం. మన ఊళ్లో ఇన్‌కమింగ్‌కు డబ్బులు పోయే రోజులు మరిచిపోయి ఇరవై ఏళ్లు దాటింది కనుక, చాలామందికి ఈ సంగతి బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

టోకు ధర నిజంగా ఎంత ఉండవచ్చో ఐరోపా అనుభవం చెబుతుంది. ఐరోపా సమాఖ్య 2007లోనే రోమింగ్ ధరలపై పరిమితులు మొదలుపెట్టి, 2017 జూన్ 15 నుంచి సభ్య దేశాల మధ్య అదనపు రుసుములను తీసేసింది. ఒక సంస్థ మరొక సంస్థ నుంచి వసూలు చేయగల టోకు ధరకు కూడా గరిష్ఠ పరిమితి పెట్టింది. 2022లో జీబీకి 2 యూరోలుగా ఉన్న ఈ పరిమితి ఏటా తగ్గుతూ 2027కు 1 యూరోకు దిగుతుంది. అంటే పరాయి నెట్‌వర్క్‌లో ఒక జీబీ వాడించడానికి టోకున వంద, నూటయాభై రూపాయలు చాలునని ఒక ఖండం మొత్తం తేల్చి చెప్పినట్టే. మన దగ్గర మాత్రం అంతర్జాతీయ రోమింగ్ ధరలను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆపరేటర్ల విచక్షణకే వదిలేసింది. దేశం లోపలి రోమింగ్ రుసుములు పోవడానికి కూడా పోటీయే ఎక్కువగా తోడ్పడింది. 2016 సెప్టెంబరులో జియో రంగంలోకి వచ్చింది, మరుసటి ఏప్రిల్ నాటికి ఎయిర్‌టెల్ దేశీయ రోమింగ్ రుసుము ఎత్తేసింది. దేశం దాటిన చోట అలాంటి పోటీ లేదు. ఎవరి ధరల పట్టిక వారిదే.

ఈ ధరల తీరు మామూలు మనిషిని ఎక్కడ దెబ్బ తీస్తుందో చెప్పడానికి లక్ష్మీపురంలో ఉండే ఒక విశ్రాంత అధ్యాపకుడి ఉదంతం చాలు. డల్లాస్ వెళ్తూ ఆయన పోస్ట్‌పెయిడ్ నంబరుకు అమెరికా ప్యాక్ వేయించుకున్నారు. దోహాలో విమానం మారేటప్పుడు నాలుగు గంటల విరామం. ఫోన్ ఆన్ చేస్తే అక్కడి నెట్‌వర్క్ దొరికింది, డేటా రోమింగ్ మీట కూడా ఆన్‌లోనే ఉంది. ఆయన చేసిందల్లా కొడుక్కి ఒక వాట్సాప్ సందేశం పెట్టడమే. కానీ బయలుదేరే ముందు రోజు మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో తీసిన ఫొటోలు, వీడియోలు ఫోన్ తనంతట తాను బ్యాకప్ తీసుకోవడం మొదలుపెట్టింది. వేయించుకున్న ప్యాక్ కతార్‌కు వర్తించదు. వర్తించని చోట ఎంబీల లెక్కన ధర పడుతుంది. నెలాఖరున వచ్చిన బిల్లు ప్యాక్ ధరకు కొన్ని రెట్లుంది. కంపెనీ వాళ్లు నిబంధనల కాగితం చూపించారు, దానిలో తప్పు లేదు. బ్యాకప్ ఆపలేదని ఆయన్ని తప్పుపట్టడం సులువే గానీ, డెబ్బై ఏళ్ల మనిషికి ఏ దేశం దాటేసరికి ఏ ధర మొదలవుతుందో తెలిసి ఉండాలని ఆశించే వ్యవస్థనే ముందు తప్పుపట్టాలి. ప్రీపెయిడ్ అయితే ఉన్న బ్యాలెన్స్‌తో నష్టం ఆగిపోతుంది. పెద్దవాళ్ల ప్రయాణానికి ప్రీపెయిడే మేలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. విమానంలోనూ, ఓడల్లోనూ దొరికే ప్రత్యేక నెట్‌వర్క్‌లు ఉపగ్రహం మీదుగా నడుస్తాయి కనుక ఇంకా ఖరీదు. అక్కడ ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయకపోవడమే శ్రేయస్కరం.

నాలుగైదు రోజుల ప్రయాణానికి మాత్రం లెక్క వేరు. 2022 అక్టోబరులో గన్నవరం నుంచి షార్జాకు నేరుగా విమానం మొదలయ్యాక యూఏఈ మనకు ఇంకాస్త దగ్గరైంది. అలాంటి చిన్న ప్రయాణానికి మన ఆపరేటరు అమ్మే ప్యాక్ వేయించుకుని వెళ్లిపోవడమే మంచిది. అక్కడ సిమ్ కొనడానికి క్యూలో నిలబడి ఆదా చేసే నాలుగు వందల కోసం అరపూట పోగొట్టుకోనక్కర్లేదు. అయితే ప్యాక్‌లో డేటా ఎంతో చూసి ఊరుకోకూడదు. యూఏఈలో మామూలు వాట్సాప్ కాల్స్ పనిచేయవు, అక్కడ ఇంటర్నెట్ కాల్స్‌పై ఆంక్షలున్నాయి. సందేశాలు వెళ్తాయి గానీ గొంతు వెళ్లదు. కనుక ఇంటికి మాట్లాడాలంటే బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్ అయినా ఉండాలి, లేదా ప్యాక్‌లో కాల్ నిమిషాలైనా ఉండాలి. డేటా ఎక్కువ, నిమిషాలు తక్కువ ఉన్న చవక ప్యాక్ అక్కడ ఖరీదైనదిగా మారుతుంది. గడువు రీచార్జ్ చేసిన క్షణం నుంచా, పరాయి నెట్‌వర్క్‌ను మొదటిసారి వాడినప్పటి నుంచా అన్నది కూడా అడిగి తెలుసుకోవాలి.

నెల దాటితే ఏ రోమింగ్ ప్యాకూ గిట్టదు. అమెరికా వెళ్లిన తల్లిదండ్రులకు సాధారణంగా ఆరు నెలల వరకు ఉండే అనుమతి దొరుకుతుంది. అన్నాళ్లకు పిల్లల ఫ్యామిలీ ప్లాన్‌లో ఒక లైన్ కలిపించుకోవడమో, మింట్ మొబైల్ లాంటి సంస్థల దగ్గర ప్రీపెయిడ్ తీసుకోవడమో చేస్తే నెల ఖర్చు మన రోమింగ్ ప్యాక్ కొన్ని రోజుల ధరకు మించదు. ఫోన్ మాత్రం అక్కడ పనికొచ్చేదై ఉండాలి. అమెరికాలోని మూడు పెద్ద సంస్థలూ 2022లో 3జీని మూసేశాయి కనుక 4జీ మీద కాల్ వెళ్లని పాత ఫోన్లు అక్కడ పనికిరావు. ఇక్కడ కొన్న చవక ఫోన్లలో కొన్నింటికి అక్కడ విరివిగా వాడే 12, 13, 71 నంబర్ల బ్యాండ్లు (సిగ్నల్ పౌనఃపున్యాలు) ఉండవు, ఊరి చివర ఇంట్లో సిగ్నల్ దొరక్క అవస్థ పడతారు.

రెండు సిమ్‌ల ఫోన్‌లో డేటా అమెరికా సిమ్‌కు పెట్టి, ఇండియా సిమ్‌కు డేటా రోమింగ్ ఆపేసి, అవసరమైతే డేటాను ఒక సిమ్ నుంచి ఇంకో సిమ్‌కు దానంతట అదే మార్చుకునే ఏర్పాటును కూడా ఆపేస్తే, ఇండియా సిమ్ ఎస్సెమ్మెస్‌ల కోసం మాత్రమే మేలుకుని ఉంటుంది. ఆ నంబరుకు వచ్చే కాల్ ఎత్తకూడదు, అంతే. ఇక్కడే ఇంకో చిక్కు వస్తోంది. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే అర లేదు, ముక్క అక్కర్లేకుండా ఫోన్‌లోనే నమోదయ్యే ఈసిమ్ ఒక్కటే. కొడుకు ప్రేమగా కొనిచ్చిన ఆ ఫోన్‌లో తండ్రి విజయవాడ నుంచి తెచ్చుకున్న సిమ్ ముక్క ఎక్కడ పెట్టాలి? దాన్ని ఈసిమ్‌గా మార్చుకోవాలంటే ఆ నంబరు నుంచే సందేశాలు పంపి ధ్రువీకరించాలి. సిమ్ మార్చిన తర్వాత 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయన్న నిబంధన ఒకటి. ఇదంతా బయలుదేరకముందే బీసెంట్ రోడ్డులోనో అరండల్‌పేటలోనో కంపెనీ స్టోరులో పూర్తిచేసుకోవాల్సిన పని.

ప్రయాణికుల కోసం ఈసిమ్‌లు అమ్మే ఎయిరాలో, హోలాఫ్లై సంస్థల యాప్‌లను 2024 జనవరిలో టెలికాం శాఖ మన దేశంలో నిలిపివేయించింది. అనుమతి పత్రం లేకుండా విదేశీ కనెక్షన్లు అమ్మడం, వాటిని సైబర్ మోసగాళ్లు వాడుకోవడం అందుకు కారణం. మోసాల సంగతి నిజమే. అయితే పాస్‌పోర్టు, వీసా, టికెట్ చూపించగల మనిషికి నాలుగు సంస్థల ధరలు పోల్చుకుని కొనుక్కునే దారి లేకుండా చేయడం మందు మోతాదు మించడమే. ఆ పత్రాలు తీసుకుని అమ్మే వాళ్లకు విరివిగా అనుమతులిస్తే మన ఆపరేటర్ల రోమింగ్ ధరలకు కూడా కొంత కళ్లెం పడుతుంది.

ఇక ఓటీపీ విషయం. ఏప్రిల్‌లో వెళ్లి అక్టోబరులో తిరిగొచ్చే పింఛనుదారుకు మధ్యలో ఆదాయపు పన్ను రిటర్నుకు గడువైన జులై 31 వస్తుంది. రిటర్ను దాఖలు చేశాక 30 రోజుల్లో ధ్రువీకరించాలి, చాలామంది అందుకు ఆధార్‌తో ముడిపడిన నంబరుకు వచ్చే ఓటీపీనే నమ్ముకుంటారు. ఫిక్సెడ్ డిపాజిట్ మార్చాలన్నా, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ పంపాలన్నా ఆ సిమ్‌కు సందేశం రావాలి. యూపీఐ అయితే మరీ పట్టుదల గలది: ఫోన్ మార్చినా, యాప్ తీసేసి మళ్లీ వేసినా, నమోదైన సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్తే గానీ లోపలికి రానివ్వదు, విదేశం నుంచి ఆ ఎస్సెమ్మెస్ తరచూ వెళ్లదు. 2025 నవంబరులో టెలికాం శాఖ వాట్సాప్ లాంటి యాప్‌లు కూడా నమోదైన సిమ్ ఫోన్‌లో ఉంటేనే పనిచేయాలని ఆదేశించింది. ఇండియా సిమ్ తీసి డబ్బాలో దాచుకుని, అమెరికా సిమ్ వేసుకుని, పాత నంబరుతోనే వాట్సాప్ వాడుకునే అలవాటుకు ఇది చెల్లుచీటీ.

అంటే ఆ సిమ్ ఫోన్‌లోనే ఉండాలి, దాని గడువు తీరకూడదు, దానిపై అంతర్జాతీయ రోమింగ్ తెరిచి ఉండాలి. విదేశంలో వచ్చే ఎస్సెమ్మెస్‌కు మన ఆపరేటర్లు సాధారణంగా రుసుము వేయరు. కానీ ఆ ఎస్సెమ్మెస్ రావాలంటే పెట్టే షరతులు ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. రీచార్జ్ ఆగి, 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే నంబరు రద్దు చేసే వీలు వాళ్లకుంది. ఖాతాలో 20 రూపాయలుంటే వాటిని మినహాయించుకుని మరో 30 రోజులు ఉంచాలన్న నిబంధన ఉన్నా, ఆరు నెలల ప్రయాణానికి ఆ ధీమా చాలదు. రద్దయిన నంబరు కొంతకాలానికి మరొకరికి వెళ్తుంది, మన బ్యాంకు సందేశాలు వాళ్లకు మోగుతాయి.

ఈ బెడద తప్పించుకోవడానికి మన వాళ్లు కనిపెట్టిన ఉపాయం, సిమ్‌ను ఒక కీప్యాడ్ ఫోన్‌లో వేసి గుంటూరులో చెల్లెలి దగ్గరో, కింది వాటాలో వాళ్ల దగ్గరో ఉంచి, అవసరమైనప్పుడు ఓటీపీ చదివించుకోవడం. గల్ఫ్‌కు వెళ్లే వాళ్లయితే సిమ్ ఇంట్లో భార్య దగ్గరే వదిలి వెళ్తారు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకులు రోజూ హెచ్చరిస్తున్న దేశంలో, చదువుకున్న కుటుంబాలే ఇంత బాహాటంగా ఆ హెచ్చరికను పక్కన పెడుతున్నాయంటే, చట్టబద్ధమైన దారి వాళ్లకు అందుబాటులో లేదనే అర్థం.

దారి వేయడం కష్టమేమీ కాదు. డేటా అక్కర్లేని వాళ్ల కోసం కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే, 365 రోజుల వరకు గడువు గల ప్లాన్లు అమ్మాలని 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన తెచ్చింది, నెల తిరిగేసరికి కంపెనీలు అమ్మడం మొదలుపెట్టాయి. అదే తీరులో, విదేశంలో ఎస్సెమ్మెస్ అందుకోవడానికి మాత్రమే పనికొచ్చే ఆరు నెలల, ఏడాది గడువు ప్యాక్‌ను నామమాత్రపు ధరకు అన్ని సంస్థలూ అమ్మి తీరాలని ఆదేశించవచ్చు. నెట్‌వర్క్ మీద అది వేసే భారం డేటాతో పోలిస్తే లెక్కలోకి రాదు. రెండో పని బ్యాంకులది. ఎస్సెమ్మెస్ ఓటీపీకి బదులు ఇతర పద్ధతులు వాడుకోవడానికి వీలు కల్పిస్తూ రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాలకు 2026 ఏప్రిల్ 1 గడువు పెట్టింది. యాప్‌లోనే ఆమోదం తెలిపే పద్ధతి ఇస్తే ప్రయాణికుడికి సిమ్ మీద ఆధారపడే అవసరం సగం తగ్గుతుంది. ఎన్‌ఆర్‌ఐ ఖాతాలకు విదేశీ నంబరుతో యూపీఐ వాడుకునే వెసులుబాటు 2023 నుంచే అమెరికా, యూఏఈ సహా కొన్ని దేశాలకు ఉంది. ఆరు నెలలు కొడుకింట్లో ఉండి వచ్చే తండ్రి మాత్రం ఎన్‌ఆర్‌ఐ కాడు కనుక ఆ వెసులుబాటు ఆయనకు దక్కదు. బ్యాంకు శాఖలో పాస్‌పోర్టు, వీసా చూపించి, తిరిగొచ్చే తేదీ రాసిచ్చిన ఖాతాదారుకు అంతవరకు ఒక విదేశీ నంబరును జతచేసే ఏర్పాటు ఎందుకు ఉండకూడదో బ్యాంకులు చెప్పాలి.