మహారాజశ్రీ రఫ్లర్ గారి సముఖమునకు

హైదరాబాద్,
బుధవారం.

కేరాఫ్: ఉస్మానియా బిస్కెట్ల ఖాళీ డబ్బా, కుట్టుమిషను సొరుగు.

నమస్కారములు. ఉభయకుశలోపరి. ఉభయుల్లో మా మాటకేం గానీ, తమరి ఒంటి మీది తుప్పు చూస్తుంటే తమరి కుశలం మాత్రం నమ్మబుద్ధి కావడం లేదు.

కుట్టుమిషనుకు తగిలిస్తే బట్టకు కుచ్చులు వేసిపెట్టే పరికరం తమరు. అలాంటి తమరి మీద మాకున్న మొదటి ఫిర్యాదు మౌనం. డబ్బా మూత తీస్తే పది పన్నెండు ఇనప ముక్కలు. ఒకటి నత్తగుల్లలా, ఒకటి గరాటులా, ఒకటి విరిగిన స్కేలులా ఉంటుంది. అన్నిటికన్నా బరువుగా, పక్కకు చీలిన చెయ్యి చాచి ఎండ్రకాయలా కూర్చున్నది తమరే. ఇంట్లోవాళ్లు తిప్పి తిప్పి చూసి "ఇది సైకిల్ డైనమోదేమో" అంటారు. తమరు ఖండించరు. రేపు గురువారం. పాత ఇనుము లెక్కన పాత సామాన్ల జుమ్మేరాత్ బజారుకు చేరి, గోనెపట్టా మీద తాళంకప్పల పక్కన పడుకుంటారు. అది తప్పితే ఆదివారం ఎర్రగడ్డ సంత. అక్కడా నోరు విప్పరు.

పోనీ ఆధార్ నంబరు లేదా అంటే, ఉంది. చీమకాలంత అక్షరాలతో వీపు మీద కొట్టించుకున్నారు. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఫోను కెమెరాతో జూమ్ చేస్తే 'సిమాంకో' అని కనబడుతుంది. సింగర్ మాన్యుఫ్యాక్చరింగ్ కంపెనీ అనే పేరును నలిపి చేసిన ముద్ర అది. దాని పక్కనున్న అంకెలే అసలు గుర్తు. 36865 అయితే అంచు వెంట తిన్నగా కుట్టే ఎడ్జ్ స్టిచర్, 36583 అయితే వరస మడతలు (టక్కులు) వేయించే టక్కర్, 35931 అయితే అంచును కావలసిన వెడల్పుకు మడిచే అడ్జస్టబుల్ హెమ్మర్. తమరి పూర్వీకులు ఎంత దర్జాగా బతికారని! 1889 ఫిబ్రవరి 19 నాటి పేటెంటు పెట్టె ఉండేది వాళ్లకు. మడతలు విప్పితే బల్ల మీద బారుగా పరుచుకునే చెక్కపెట్టె, అందులో ఒక్కొక్కరికి ఒక్కో చోటు. ఆ వంశంలో పుట్టి బిస్కెట్ పొడిలో పొర్లుతున్నారు తమరు.

సరే, గుర్తుపట్టాం. బిగిద్దామంటే మళ్లీ పేచీ. ప్రతి మిషనుకూ తమరు పట్టరు. బట్టను అదిమిపట్టే మామూలు ఫుట్‌ను కిందికి దించి, సూది దిగే పలక మీది నుంచి ఫుట్ బిగించే స్క్రూ నడిబొడ్డు దాకా కొలవాలి. అర అంగుళం నుంచి ముప్పావు లోపు ఉంటే లో షాంక్ (పొట్టి కాలు), అంగుళమో ఆ పైనో ఉంటే హై షాంక్ (పొడుగు కాలు). మన ఇళ్లలోని నల్ల మిషన్లు చాలావరకు సింగర్ 15 నమూనావి కనుక లో షాంక్, స్క్రూ పక్కనుంచి. వెనకనుంచి స్క్రూ పడే పాత మిషను అయితే తమరిని బతిమాలి లాభం లేదు. ఈ కొలత చూడకుండా బిగించినవాళ్ల సూది తమరి నెత్తిన గుద్దుకుని విరుగుతుంది. తిట్లు మాత్రం సూది కంపెనీకి.

బిగించే పద్ధతి కూడా తమరి నోటివెంట రానిదే గనక మేమే చెబుతున్నాం. చక్రం తిప్పి సూదిని పూర్తిగా పైకి తేవాలి. ఫుట్ విప్పి, తమరిని వెనకవైపు నుంచి లోపలికి తోసి, ఆ చీలిన చెయ్యి సూది బిగించే స్క్రూను రెండువైపులా పట్టుకునేలా కూర్చోబెట్టాలి. తమరి ప్రాణమంతా అక్కడే ఉంది. సూది పైకీ కిందికీ ఆడితే చెయ్యి ఆడుతుంది, చెయ్యి ఆడితే లోపలి నీలం రేకు పళ్లతో బట్టను ముందుకు తోసి మడత పెడుతుంది. చెయ్యి స్క్రూ పైన కాక పక్కన పడితే తమరు కదలరు, బట్ట మామూలుగా కుట్టుకుపోతుంది. వేళ్లతో బిగిస్తే తమరి కుదుపుకు రెండు నిమిషాల్లో వదులవుతుంది కాబట్టి స్క్రూడ్రైవర్‌తోనే బిగించాలి. ఆ తర్వాత మోటారు జోలికి పోకుండా చక్రాన్ని చేత్తో పన్నెండుసార్లు తిప్పి చూడాలి. ఎందుకు పన్నెండంటే, తమరి ముఖం మీదున్న గళ్లు 1, 6, 12, ఇంకో నక్షత్రం గుర్తు. 1లో పెడితే కుట్టు కుట్టుకూ ఒక మడత, 6లో ఆరు కుట్లకు, 12లో పన్నెండు కుట్లకు ఒకటి. నక్షత్రం దగ్గర పెడితే తమరు సెలవులో ఉన్నట్టు.

ఈ లెక్క తెలిస్తే కుచ్చులు చేతిలో ఉన్నట్టే. అంగుళానికి 12 కుట్లు పడుతుంటే, 12 గడిలో అంగుళానికి ఒక ప్లీటు, 6లో రెండు, 1లో పన్నెండు సన్న కుచ్చులు. మడత లోతు వేరే స్క్రూది. బట్ట ఎంత కొనాలో మ్యాచింగ్ సెంటర్‌లో అంచనాకు అడగక్కర్లేదు. అదే బట్టలో పది అంగుళాల ముక్క కుట్టి కొలిచి చూడాలి. నాలుగు అంగుళాలకు వచ్చిందనుకుందాం, 60 అంగుళాల ఫ్రాకు ఘేరుకు 150 అంగుళాలు, అంటే నాలుగు గజాల ఆరంగుళాలు. కుచ్చు పడాల్సిన బట్ట రెండు నీలం రేకుల మధ్య వెళ్లాలి. ఫ్రాకు బట్ట కింది రేకుకు అడుగున, బట్టను లాగే మిషను పళ్లను తగులుతూ వెళ్తే కుచ్చూ అతుకూ ఒకే కుట్టులో అయిపోతాయి. చేత్తో లాగకూడదు. లాగితే ఒకచోట గుంపుగా, ఒకచోట బోడిగా వస్తాయి.

తమరికి కొబ్బరినూనె పట్టించేవాళ్లను ఏమనాలో తెలియడం లేదు. డిసెంబరు పొద్దున అది గడ్డకట్టి, దుమ్ముతో కలిసి జిగురవుతుంది. అప్పుడు చెయ్యి ఆడినా రేకు ఆడదు. కిరసనాయిల్లో ఒక రాత్రి నానబెట్టి, పళ్లు తోముకునే పాత బ్రష్‌తో తోమి, కీళ్లలో మిషను నూనె ఒక్క చుక్క వేసి, చిత్తు గుడ్డ మీద నడిపితే జిడ్డు దిగిపోతుంది. నీలం రేకును గరుకు కాగితంతో రుద్దితే దాని మీద పడే గీతలు సన్న ఓణీని పట్టి చీలుస్తాయి.

తమరి బంధువర్గం సంగతి రెండు ముక్కల్లో. అంచుకు పట్టీ చుట్టే గరాటు మొహం బైండర్ గారికి మడవని క్రాస్ పట్టీ 15/16 అంగుళం వెడల్పున కావాలి. మన పాత లెక్కలో వీసం తక్కువ అంగుళం. పట్టీని 45 డిగ్రీల ఏటవాలుగా కత్తిరించకుండా నిలువుగా కత్తిరిస్తే బ్లౌజు మెడ దగ్గర ముడతలే. టక్కర్‌కు రెండు స్కేళ్లు, రెండూ ఒక భాష మాట్లాడవు. టక్కు స్కేలు మీద 1 అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, టక్కుల మధ్య దూరం చెప్పే స్కేలు మీద 1 అంటే పావు అంగుళం. రెండూ ఒకే అంకెలో పెడితే టక్కుల మధ్య ఖాళీ ఉండదు. నత్తగుల్ల హెమ్మర్‌కు మొదటి అంగుళం చేత్తో రెండు మడతలు వేసి, నాలుగు కుట్లు కుట్టి, దారాల కొనలు వెనక్కి పట్టి లాగుతూ అంచును చుట్టలోకి ఎక్కించాలి. చుట్ట నిండా బట్ట ఉండాలి. తక్కువైతే పోగులు బయటికొస్తాయి, ఎక్కువైతే ఉబ్బుతుంది. ఈయన ఇంట్లో ఉండగానే ఓణీ అంచు పట్టుకుని పికో దుకాణం ముందు నిలబడుతున్నాం.

కాబట్టి తమరు దయచేసి పైకి వచ్చి, సూది స్క్రూ పక్కన స్వస్థానం అలంకరించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
సుల్తాన్ బజార్‌లో రెడీమేడ్ ఫ్రిల్ లేసు కొంటున్న తమరి విధేయులు.

తా.క.: డబ్బా అడుగున తల మీద గాడి పెట్టిన పొట్టి లావు స్క్రూ ఒకటి దొర్లుతూ ఉంటుంది. అది ఫుట్ బిగించేది. తమరిని జుమ్మేరాత్ బజారుకు పంపినా దాన్ని మాత్రం దాచుకుంటాం.